తొమ్మిదో తరగతి పిల్లలకి మన చుట్టూ ఉన్న పనులు చూపించడం ఎలా?

గోదారిగట్టు మాస్టారు
శనివారం రాత్రి 9:10

నమస్కారమండీ. రాజోలు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మొన్న తొమ్మిదో తరగతి వాళ్లకి తలో చీటీ ఇచ్చి, పెద్దయ్యాక ఏం చేస్తారో రాయమన్నాను. ముప్పై ఎనిమిది చీటీలు. పోలీసు, డాక్టరు, కలెక్టరు, సాఫ్ట్‌వేరు. ఈ నాలుగు మాటల్లోనే దాదాపు క్లాసంతా అయిపోయింది. ఒకడు 'కువైట్' అని రాశాడు. ఏం పని రా అని అడిగితే 'కువైటే సార్' అన్నాడు.

మా బడికి వచ్చే దారిలో రొయ్యల చెరువులున్నాయి, ఐసు ఫ్యాక్టరీ ఉంది, కొబ్బరి పీచు షెడ్డు ఉంది, గ్యాసు పైపు పోతుంది. వాళ్ల అమ్మానాన్నలు వీటిలోనే పనిచేస్తారు. అయినా పిల్లల కంటికి బురదలో దిగేవాళ్లూ, మూటలు మోసేవాళ్లే ఆనతారు. నీళ్లు పరీక్ష చేసేవాళ్లు, కంప్రెసరు బాగుచేసేవాళ్లు, కంటైనరు కాగితాలు రాసేవాళ్లు ఏం చదివి అక్కడికి వచ్చారో ఒక్కడికీ తెలియదు. నాకూ సగమే తెలుసు.

ఇక్కడి యజమానుల్నీ, పాలిటెక్నిక్ వాళ్లనీ మా పిల్లలతో కలపాలని ఉంది. ఏడాదికోసారి బస్సెక్కించి తిప్పి తీసుకొచ్చేస్తే చాలదు, కాస్త నిలవాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు? యజమానిని ఏమని అడగాలి? ఇళ్లలో ఏం చెప్పాలి?

వనామి బాబాయ్
శనివారం రాత్రి 9:41

ఆయ్ మాస్టారూ, మా ల్యాబుకి తీసుకురండి. పాలకొల్లు అవతల మాది. చించినాడ వంతెన దాటితే గంట కూడా పట్టదు మీకు.

2009లో వనామి రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక ఈ వైపు చెరువులు ఎలా పెరిగాయో మీకు నేను చెప్పేదేటండీ. గట్టు వేయడానికి మనుషులు దొరికారు, మేత చల్లడానికి దొరికారు. నీళ్లు చదివే మనిషే దొరకడు. సీడు, అంటే రొయ్య పిల్లల్ని దింపే ముందు పీసీఆర్ పరీక్ష చేయించుకోవాలి, తెల్లమచ్చ రోగం ఉందా, ఎదగనివ్వని ఈహెచ్‌పీ రోగం ఉందా చూసుకోవాలి. దింపాక ఆల్కలినిటీ (నీటి క్షారగుణం), అమ్మోనియా, పీహెచ్, ఉప్పుశాతం, అదో రోజువారీ జపం. డిగ్రీ చదివొచ్చిన కుర్రాడికి పిపెట్టు చేతికిస్తే కొబ్బరిబొండంలో స్ట్రా పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. తెల్లారగట్ల నాలుక్కి డీవో, అదే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, ఎందుకు పడిపోద్ది అంటే తెల్లమొహమే. మీ బడి పుస్తకంలో ఉన్నదే గదండీ! పగలు నాచు ఆక్సిజన్ ఇస్తది, రాత్రయితే అదే పీల్చుకుంటది. అందుకే గదా రాత్రంతా ఏరియేటర్లు తిప్పి కరెంటు బిల్లు చూసుకుని ఏడుస్తున్నాం.

ఒక్క మాట. పట్టుబడి రోజు, అంటే రొయ్య పట్టే రోజు మాత్రం రాకండి. ఆ రోజు మా ఇంట్లోవాళ్లనే పలకరించను.

లంకగ్రామం అమ్మ
శనివారం రాత్రి 10:02

మాస్టారూ, మీది మంచి మనసే. నేను పొద్దున్నే ఐదింటికి కంపెనీ బస్సెక్కి రొయ్య వలవడానికి వెళ్తాను. ఐసులో చేతులు పెట్టి పెట్టి సాయంత్రానికి అన్నం కలుపుకోడానికి వేళ్లు వంగవు. మా అమ్మాయి తొమ్మిదే చదువుతోంది. దాన్ని రొయ్యల కంపెనీ చూపించడానికి తీసుకెళ్తానంటే నేను సంతకం పెట్టను. దాన్ని చదివించేది ఆ బస్సు ఎక్కకూడదనే.

కోపంతో రాయలేదండి. ఉన్నమాట.

లంక పిల్ల
శనివారం రాత్రి 10:26

అక్కా, మా అమ్మా ఇదే మాట అనేది. నేను ఇప్పుడు డిప్లొమా చివరి ఏడాది, ఎలక్ట్రికల్.

పదిలో మమ్మల్నీ ఒక ఫ్యాక్టరీకి తీసుకెళ్లారు. గేటు దగ్గర ఫొటో, లోపల నలభై నిమిషాలు, మోతలో ఏం చెప్పారో వినపడలేదు, బయటికొచ్చాక బిస్కెట్ ప్యాకెట్టు. ఆ ఫొటో ఇప్పటికీ మా బడి ఆఫీసు గదిలో ఉంటుంది. అంతకుమించి ఏమీ మిగల్లేదు.

అదే నెలలో పాలిటెక్నిక్ నుంచి ఒక సార్ బడికి వచ్చి, తెగిపోయిన మిక్సీ మోటారు బల్లమీద విప్పి చూపించారు. పోతూ పోతూ బోర్డు మీద తన నంబరు రాసి, 'ఆదివారం పదింటి నుంచి పన్నెండు దాకా ఎవరైనా చేయండి' అన్నారు. నేను మూడు సార్లు చేశాను. మొదటిసారి మాట్లాడలేక పెట్టేశాను. రెండోసారి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ఫారం గురించి అడిగాను. మూడోసారి మా నాన్నతో మాట్లాడించాను. నేను ఈ రోజు ఇక్కడున్నానంటే ఆ మూడో ఫోను వల్లే. ఫ్యాక్టరీ వల్ల కాదు.

మిల్లు గుమస్తా
శనివారం రాత్రి 11:15

అందరూ పిల్లల వైపు నుంచే మాట్లాడుతున్నారు. యజమాని వైపు నుంచి ఒకడైనా ఉండాలి కదా. మండపేట దగ్గర బియ్యం మిల్లులో ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ముప్పై మంది పిల్లలు మిల్లులోకి వస్తే ఆ గంటా పని ఆగుతుంది. బెల్టులుంటాయి, బాయిలరు ఉంటుంది, లారీ వెనక్కి తీస్తుంటాడు. ఎవడి వేలైనా నలిగితే మాస్టారు ఇంటికి పోతారు, మేం స్టేషనుకి పోతాం. మరి మాకేంటి లాభం? సమాజసేవ అనకండి, వినాయక చవితి చందాలతో అది అయిపోయింది.

పాత పాలిటెక్నిక్
ఆదివారం ఉదయం 7:30

గుమస్తా గారు అడిగింది సబబైన ప్రశ్న. నేను పాలిటెక్నిక్‌లో బోధించి రిటైరయ్యాను, కాకినాడలో ఉంటున్నాను. కాకినాడ అంటే 1946లో ఆంధ్రా పాలిటెక్నిక్ పెట్టిన ఊరు. అయినా పక్క హైస్కూలు పిల్లలు గేటు దాటి లోపలికి వచ్చింది నా సర్వీసులో ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టగలను. తప్పు మాదే, బడులది కాదు.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే మాస్టారు మెడకి చుట్టుకునేది అదే. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండితేనే అప్రెంటిస్, ప్రమాదకరమైన పరిశ్రమైతే 18. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 నుంచి 18 లోపు వాళ్లని ప్రమాదకర పనుల్లోకి రానివ్వదు. తొమ్మిదిలో పదమూడేళ్ల వాళ్లూ ఉంటారు. కాబట్టి మాస్టారూ, మీ కాగితం మీద 'పని' అనే మాటే రాకూడదు. చూస్తారు, కొలుస్తారు, అడుగుతారు, రాసుకుంటారు. ఉత్పత్తిలో చేయి పెట్టరు. ఎన్ని గంటలు, ఏ గదులు, ఏ యంత్రానికి ఎంత దూరం, వెంట ఎవరు, ఇవన్నీ రాసి యజమానీ హెడ్మాస్టరూ సంతకాలు పెట్టాలి. ఒక్క పేజీ చాలు.

లాభం మాటకొస్తే, అప్రెంటిస్‌ని పెట్టుకుంటే, 2016లో వచ్చిన పథకం కింద స్టైపెండులో 25 శాతం, నెలకి 1,500 రూపాయల దాకా కేంద్రం భరిస్తుంది. అయితే దాని అవసరం పిల్లవాడు పది దాటి, ఐటీఐయో డిప్లొమానో చేసిన తరువాత వస్తుంది. తొమ్మిదిలో చూసి వెళ్లిన పిల్ల నాలుగేళ్లకి అప్రెంటిస్‌గా అదే గేటు ముందు నిలబడితే, యజమానికి ఆమె ఎవరో తెలుసు. ఇప్పుడు మీరు మనిషిని ఎలా వెతుకుతున్నారు గుమస్తా గారూ? ఎవరి బావమరిదో చెబితేనే కదా.

మా వైపు నుంచి ఒకటి చెప్పగలను. డిప్లొమా పిల్లలు ఆరు నెలల పారిశ్రామిక శిక్షణకి వెళ్లినప్పుడు వాళ్ల ల్యాబులు కొంత ఖాళీగా ఉంటాయి. ఆ సెమిస్టరులో ప్రిన్సిపాల్‌ని అడగండి. పండగల ముందు అడగకండి.

ఇంటర్ బాధితుడు
ఆదివారం ఉదయం 9:05

'కాలేజీలతో సంబంధం' అనగానే నాకు దడ. నేను పదిలో ఉండగా సంక్రాంతి సెలవులు అవగానే ఒక ప్రైవేటు ఇంటర్ కాలేజీ పీఆర్వో వచ్చాడు. అందరికీ పెన్నులు, ప్యాడ్లు. మా అందరి ఇంటి నంబర్లూ అతని దగ్గర ముందే ఉన్నాయి. పరీక్షలు అవ్వకముందే సీటు 'బ్లాక్' చేయమని మా నాన్నకి రోజూ ఫోను. నాకు బొమ్మలు గీయడం, చేతిపని ఇష్టం. రెండేళ్లు ఎంపీసీ హాస్టల్లో పడేశారు. పాలిటెక్నిక్ అనే దారి ఉందని నాకు ఇంటర్ తప్పాక తెలిసింది.

మా నంబర్లు ఎవరిచ్చారు మాస్టారూ? బడి నుంచే కదా వెళ్లాయి.

గోదారిగట్టు మాస్టారు
ఆదివారం ఉదయం 9:50

బడి నుంచే వెళ్లి ఉంటాయి బాబూ. దాచేదేముంది. మా స్టాఫ్ రూములో గోడగడియారం ఒక కాలేజీ ఇచ్చిందే, దానికింద కూర్చునే ఇది టైపు చేస్తున్నాను, ఆదివారం స్పెషల్ క్లాసు. కమిషన్ తీసుకున్నవాళ్ల గురించి నాకు తెలిసింది ఇక్కడ రాయను, మా బడి వరకూ నంబర్ల రిజిస్టరు రేపటి నుంచి బీరువాలో పెట్టి తాళం వేస్తాం. ఆలస్యమే.

పాత పాలిటెక్నిక్ గారూ, 'పని' మాట మీద మీ హెచ్చరిక విలువైంది. నేను నా కాగితంలో 'ఇంటర్న్‌షిప్' అని రాసుకున్నాను. కొట్టేశాను.

కడియం కుండీ
ఆదివారం మధ్యాహ్నం 1:20

మా నర్సరీకి పంపండి. అంటు కట్టడం నేర్పుతాం, కొబ్బరి పొట్టుతో మిశ్రమం కలపడం నేర్పుతాం. ఈ సీజన్లో మాకూ చేతులు కావాలి.

నర్సాపురం లేసు
ఆదివారం మధ్యాహ్నం 1:34

'మాకూ చేతులు కావాలి' అన్నారు చూడండి, భయం అక్కడే అన్నయ్యా. మా తమ్ముడు వేసవిలో ఒక నర్సరీకి 'శిక్షణ' అని వెళ్లి నలభై రోజులు పాలిథిన్ సంచుల్లో మట్టి నింపి వచ్చాడు. మొక్క పేరు ఒక్కటి నేర్చుకోలేదు. ఎక్కడో చెప్పను, మీది కాదులెండి.

కడియం కుండీ
ఆదివారం మధ్యాహ్నం 2:10

చెల్లీ, తప్పుగా రాశాను. సంచులు నింపడానికి నా దగ్గర మనుషులున్నారు. లేనిది ఎవరంటే, ఆకు తిప్పి చూసి ఇది తెల్లదోమా, పోషకలోపమా చెప్పే మనిషి. 2016 నుంచి ఈ సర్పిలాకార తెల్లదోమ కొబ్బరి మీద పడి, కింద ఉన్న నా మొక్కలన్నీ మసి పట్టినట్టు నల్లబడుతున్నాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో దాని మీదికి వదిలే శిలీంధ్రాన్ని పెంచి ఇస్తారు. మాస్టారు పిల్లల్ని ముందు అక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది, మీకు పక్కనే. ఒక బూజుని కావాలని పెంచే ఉద్యోగం ఉంటుందని పిల్లలు ఊహించరు. తరవాత నా దగ్గరికి తెస్తే ఆ బూజు పనిచేసిన చెట్టూ, చేయని చెట్టూ రెండూ చూపిస్తాను. నా మేనల్లుడు వెంకట్రామన్నగూడెంలో ఉద్యానం చదువుతున్నాడు, సెలవులకి వచ్చినప్పుడు వాడే చెబుతాడు. సంచి ఒక్కటి ముట్టుకోనివ్వను.

దోహాలో ఆకివీడు
ఆదివారం సాయంత్రం 5:48

ఇక్కడ ఏసీ మెకానిక్‌ని. ఊళ్లో ఐటీఐ, రిఫ్రిజిరేషన్ ట్రేడు.

రొయ్య గురించి మాస్టారు కాస్త ఆలోచించాలి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు మా నాన్న రోజూ ఫోనులో ధరలే చదివేవాడు. ఒక దేశం వాడు సంతకం పెడితే మన చెరువు ఊగిపోతుంది. పిల్లలకి రొయ్య నేర్పితే వాళ్లూ ఊగుతారు. నేను పనిలో చేరింది రొయ్యల ప్లాంటులోనే, కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా కంప్రెసర్ల దగ్గర. రొయ్యకి ధర పడిపోయినా కంప్రెసరు పని కంప్రెసరు పనే. అదే పని తెలిసి ఇక్కడికొచ్చాను. ల్యాబు పనీ అంతే కదా బాబాయ్? పిపెట్టు పట్టిన చేయి రేపు మందుల కంపెనీలోనూ పట్టగలదు.

మీ 'కువైటే సార్' కుర్రాడికి నా మాటగా చెప్పండి: ఇక్కడ దిగిన మొదటి రోజే 'నీకేం వచ్చు' అంటారు. జవాబు ఊళ్లోనే నేర్చుకుని రావాలి.

వనామి బాబాయ్
ఆదివారం సాయంత్రం 6:15

ఒప్పుకుంటున్నా అబ్బాయ్. ఆ ఆగస్టు తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

నర్సాపురం లేసు
ఆదివారం రాత్రి 8:40

అన్నీ మగపిల్లల ట్రేడులే వస్తున్నాయి. అమ్మాయిల్ని తీసుకెళ్లేటప్పుడు వెంట టీచరమ్మ ఉండాలి, వెళ్లే చోట మరుగుదొడ్డి ఉందో లేదో మాస్టారు ముందే చూసి రావాలి, చీకటి పడకముందు ఇల్లు చేర్చాలి. ఈ మూడూ చెబితే సగం మంది తల్లులు ఒప్పుకుంటారు. చెప్పకపోతే ఎన్ని కెరీర్లు చెప్పినా ఒప్పుకోరు.

ఇంకొకటి. మా ఇంట్లో మూడు తరాలుగా కుట్టు. నర్సాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని పేపర్లో ఫొటోలు వేశారు. మా అమ్మ చేతికి ముక్కకింత అని వచ్చే లెక్క మారలేదు. ఆ ముక్క విదేశంలో ఎంతకి అమ్ముతారో, మధ్యలో ఎవరు ఏ లెక్క వేస్తారో నేను ఎగుమతిదారు దగ్గర గుమస్తాగా చేరాకే చూశాను. గజం నూలుకి ఎంత, గంటకి ఎంత, వృథా ఎంత, షిప్పింగు ఎంత, అన్నీ తొమ్మిదో తరగతి శాతాలే మాస్టారూ! మా అమ్మాయిలకి అల్లడం నేర్పక్కర్లేదు, అది పుట్టుకతో వచ్చింది. ఆ ధర కాగితం చదవడం నేర్పండి. కావాలంటే పేర్లు తీసేసిన కాగితం ఒకటి నేను తెస్తాను.

వేదిక నిర్వాహకులు
ఆదివారం రాత్రి 9:00

దయచేసి ఫోను నంబర్లు బహిరంగంగా పెట్టకండి. రెండు పోస్టుల్లోంచి తీసేశాం. మాస్టారికి సందేశం పంపుకోండి.

మిల్లు గుమస్తా
సోమవారం ఉదయం 6:50

రాత్రి మా యజమానితో మాట్లాడాను. మిల్లులోకి వద్దన్నారు, నేనూ వద్దనే అంటాను. కానీ కాటా గదికి ఆరుగురు చొప్పున రావచ్చు. ధాన్యం లారీ వస్తుంది, తేమ మీటరు పెడతాం, తేమ 17 శాతం దాటితే ఏమవుతుందో, రైతు ఎందుకు గొడవపడతాడో కళ్లారా చూస్తారు. అది చూస్తే చాలు, అకౌంట్లు అంటే ఏంటో తెలుస్తుంది. బిస్కెట్లు ఇవ్వం.

లంకగ్రామం అమ్మ
సోమవారం రాత్రి 9:25

అందరివీ చదివాను. లంక పిల్ల రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. అది రెండుసార్లు చదవమంది.

మాస్టారూ, మా కంపెనీలోనే తెల్లకోటు వేసుకుని మా రొయ్యల్లోంచి నాలుగు తీసి పట్టుకెళ్లే అమ్మాయి ఉంది. క్వాలిటీ అంటారు. ఎప్పుడూ మాతో మాట్లాడదు, మేమూ అడగం. ఇవాళ బస్సులో పక్కన కూర్చుంది. ఏం చదివావమ్మా అని అడిగాను. వాళ్లమ్మ కూడా వలుపుడికే వెళ్లేదట. ముందు ఆ అమ్మాయిని బడికి పిలవండి. కంపెనీ వాళ్లని అడిగి పిలవండి, దానికి మాట రాకుండా. అది వచ్చి చెప్పాక ల్యాబుకి తీసుకెళ్తానంటే నేను సంతకం పెడతాను. వలుపుడు షెడ్డు మాత్రం వద్దు. అది నేను చూపించగలను.

గోదారిగట్టు మాస్టారు
మూడు వారాల తరువాత, ఆదివారం రాత్రి 8:15

ఆలస్యానికి క్షమించాలి. జరిగింది రాస్తాను.

తెల్లకోటు అమ్మాయి వచ్చింది. కంపెనీ వాళ్లు మొదట ఉలిక్కిపడ్డారు, పాత పాలిటెక్నిక్ గారు రాసిచ్చిన ఒక్క పేజీ చూపించాక సరే అన్నారు. నలభై నిమిషాలు మాట్లాడింది. పిల్లలు అడిగింది ఎక్కువగా జీతం గురించే, సిగ్గు పడకుండా చెప్పింది. సరుకులో యాంటీబయాటిక్ అవశేషం దొరికితే కంటైనరు మొత్తం వెనక్కి వస్తుందనీ, ఆ నాలుగు రొయ్యలు అందుకే తీసుకెళ్తాననీ చెప్పినప్పుడు గది నిశ్శబ్దమైంది. వెనక బెంచీలో కూర్చున్న ఒక తల్లి 'ఓహో, అందుకా' అంది. ఎవరో మీకు తెలుసు.

కాటా గది కుదరలేదు. మేం వెళ్లిన రోజు వాన, లారీలు రాలేదు. ఆరుగురు పిల్లలూ గుమస్తా గారి కుర్చీల మీద కూర్చుని ఆయన పాత రిజిస్టర్లు చూసి వచ్చారు. ఇద్దరికి ఆవులింతలు. మళ్లీ వెళ్తాం. ఏరియా పాలిటెక్నిక్‌కి ఉత్తరం పెట్టాను, జవాబు లేదు. అంబాజీపేట వచ్చే నెల.

నిన్న పన్నెండు మందిని బాబాయ్ ల్యాబుకి తీసుకెళ్లాం, వ్యాను మాట్లాడుకుని, సైన్సు టీచరమ్మ వెంట ఉన్నారు. ఊరికే వెళ్తే ఏం చూస్తారని, తలో సీసా నీళ్లు ఇంటి దగ్గర్నుంచి తెమ్మన్నాను. కాలవ నీళ్లు, చెరువు నీళ్లు, బోరు నీళ్లు. మూడు సీసాలు వ్యానులోనే ఒలికిపోయాయి, ఒకడు థమ్సప్ సీసా కడగకుండా తెచ్చాడు, వాడి పీహెచ్ చూసి ల్యాబంతా నవ్వు. ఒక అమ్మాయి నాన్నగారి చెరువు నీళ్లలో ఆల్కలినిటీ బాగా తక్కువ వచ్చింది. ఆయన సున్నం అంచనా మీద చల్లుతుంటారట. ఆ అమ్మాయి అక్కడే లెక్క కట్టింది, ఎకరం, లోతు, లీటర్లు. రెండుచోట్ల సున్నాలు తప్పాయి. దిద్దుకుంది. ల్యాబు అమ్మాయి పక్కనే నిలబడి చూసింది గానీ నోరు విప్పలేదు, నేనే విప్పబోతే చేత్తో ఆపింది.

వాళ్లిద్దరూ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. తల్లిదండ్రుల అనుమతితోనే, నిర్వాహకులు కంగారు పడకండి.

కువైట్ కుర్రాడు ల్యాబు వంక చూడలేదు. గంటసేపు బయట జనరేటరు దగ్గరే ఉన్నాడు. దోహా తమ్ముడూ, వాడితో ఒకసారి మాట్లాడతావా? శుక్రవారం నీకు సెలవు కదా.

దోహాలో ఆకివీడు
ఆదివారం రాత్రి 8:52

శుక్రవారం పదింటికి, మీ టైము. ప్రశ్నలు రాసుకుని కూర్చోమనండి. 'కువైటే సార్' అంటే ఫోను పెట్టేస్తాను.

వనామి బాబాయ్
ఆదివారం రాత్రి 9:30

మాస్టారూ, ఆ పిల్ల నాన్న రాత్రే ఫోను చేశాడండీ, సున్నం ఎంత వేయాలని. మళ్లీ నీళ్లు తెచ్చుకోమన్నాను, ఒక్క సీసాతో చెప్పలేం. మా ల్యాబు అమ్మాయి మీకు చెప్పమంది: ఈసారి సీసాలు బాగా కడిగి తెమ్మనండి. నీళ్లలో ముంచి లోపలే మూత పెట్టాలి. పైన గాలి బుడగ మిగిలితే డీవో తప్పొస్తది. ఆ థమ్సప్ కుర్రాణ్ణి మాత్రం తప్పకుండా తీసుకురమ్మంది.